కొట్టు ఎవరిదో సభ వారిదే

పుస్తకాల కొట్లు ఇప్పుడు పుస్తకాలు అమ్మి ఊరుకోవడం లేదు. రచయితను పిలిచి చదివిస్తున్నాయి. పిల్లలను కూర్చోబెట్టి కథలు చెప్పిస్తున్నాయి. చదివినవాళ్ల చేత మాట్లాడిస్తున్నాయి. రాబోయే నెలలో ఏ రోజు ఎవరు వస్తారో కాగితం మీద రాసి తలుపుకు అంటిస్తున్నాయి. అమెరికాలో ఏప్రిల్ చివరి శనివారాన్ని స్వతంత్ర పుస్తకాల కొట్ల దినంగా కూడా జరుపుకుంటారు. పెద్ద కంపెనీల దుకాణాలను, పుస్తకాన్ని నేరుగా ఇంటికే పంపే వ్యాపారాన్ని తట్టుకుని చిన్న కొట్టు నిలబడాలంటే మనిషి అక్కడిదాకా నడిచి రావాలి. నడిచి రావడానికి పుస్తకంతో పాటు ఇంకో కారణం కావాలి. ఆ కారణం పేరు సభ.

మన దగ్గర కూడా హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో ఆవిష్కరణలు, పరిచయ సభలు, రచయితతో ముఖాముఖీలు జరుగుతూనే ఉన్నాయి. ఈ మధ్య ఆదివాసీ రచయితలను కూడా పిలుస్తున్నారు. పిలుపు అందినందుకు సంతోషమే. అయితే మనం పుస్తకాన్ని విమర్శిస్తాం గానీ, పుస్తకం చుట్టూ జరిగే సభను మర్యాద కొద్దీ వదిలేస్తాం. సభ కూడా ఒక రచనలాంటిదే. దానికీ ఒక వరుస ఉంది, ఒక కంఠం ఉంది, ఎవరిని ముందు పెట్టి ఎవరిని వెనక పెట్టిందన్న లెక్క ఉంది. ఈ వ్యాసంలో ఆ సభనే విమర్శకు పెడుతున్నాం. అందుకోసం దూరదేశంలో ఒక ఆదివాసీ రచయిత్రి నడుపుతున్న పుస్తకాల కొట్టునూ, ఆ కొట్టు మీద ఆమే రాసిన నవలనూ ఎదురుగా పెట్టుకున్నాం.

మినియాపొలిస్‌లో ఒక చిన్న కొట్టు

అమెరికా ఉత్తర భాగంలో మిన్నెసోటా రాష్ట్రం ఉంది. అక్కడి మినియాపొలిస్ నగరం డకోటా తెగల నేల మీద కట్టినది. దానికి ఉత్తరాన ఓజిబ్వే తెగల అడవులు, సరస్సులు. మనం గుర్తు పెట్టుకోవలసిన ఊరే అది. 1968లో అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ అక్కడే పుట్టింది. 2020 మే 25న జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి మెడ మీద పోలీసు మోకాలు పెట్టి చంపిందీ అక్కడే.

ఆ ఊళ్లో 2001లో లూయీస్ ఎర్‌డ్రిక్ అనే రచయిత్రి 'బర్చ్‌బార్క్ బుక్స్' అనే కొట్టు తెరిచింది. ఆమె నార్త్ డకోటాలోని టర్టిల్ మౌంటెన్ ఓజిబ్వేల మనిషి. తల్లి ఓజిబ్వే, తండ్రి జర్మన్ సంతతివాడు. ఇద్దరూ ప్రభుత్వం ఇండియన్ పిల్లల కోసం పెట్టిన హాస్టల్ బడిలో పంతుళ్లుగా పనిచేశారు. ఆశ్రమ పాఠశాలల్లో పనిచేసే మాలాంటి వాళ్లకు ఆ ఇల్లు ఎలా ఉండి ఉంటుందో ఇట్టే అర్థమవుతుంది. చిన్నప్పుడు ఆమె కథ రాసినప్పుడల్లా తండ్రి ఒక ఐదు సెంట్ల నాణెం చేతిలో పెట్టేవాడట. అలా మొదలైన చెయ్యి 2012లో 'ద రౌండ్ హౌస్' నవలకు నేషనల్ బుక్ అవార్డు, 2021లో 'ద నైట్ వాచ్‌మన్' నవలకు పులిట్జర్ బహుమతి అందుకుంది. రెండో నవలకు ఆధారం ఆమె తాత పాట్రిక్ గూర్నో. ఫ్యాక్టరీకి రాత్రి కాపలా కాస్తూనే తెగ పెద్దగా అర్జీలు రాసిన మనిషి. తెగల గుర్తింపునూ, వాటితో చేసుకున్న ఒప్పందాల బాధ్యతనూ వదిలించుకోవాలని 1953లో అమెరికా కాంగ్రెస్ చేసిన తీర్మానానికి ఎదురు నిలిచాడు.

కొట్టు పేరు ఊరికే పెట్టింది కాదు. బర్చ్ అనే చెట్టు బెరడును ఓజిబ్వేలు 'విగ్వాస్' అంటారు. దానితో పడవలు కట్టారు, ఇళ్లు కప్పారు, బుట్టలు అల్లారు. తెగ పుట్టుక కథలనూ, పూజా విధానాలనూ గుర్తులుగా గీసి చుట్టలుగా దాచుకున్నదీ ఆ బెరడు మీదనే. అంటే కొట్టు పేరులోనే ఒక పుస్తకం ఉంది. తెల్లవాళ్ల అచ్చుయంత్రం రాకముందు నాటి పుస్తకం అది.

కొట్టు చిన్నది. మూలవాసుల చరిత్ర, భాష, కవిత్వం, పిల్లల పుస్తకాలు అక్కడ ఏదో మూల అరలో ఉండవు. కొట్టుకు గుండెకాయ అవే. మూలవాసులు చేసిన బుట్టలు, నగలు కూడా అమ్ముతారు. అక్కడ పనిచేసేవాళ్లు తాము చదివి మెచ్చిన పుస్తకానికి సొంత చేతిరాతతో రెండు ముక్కలు రాసి అర మీద పెడతారు. పాత చర్చిలో పాపాలు చెప్పుకునే చెక్క గది ఒకటి కొట్టులో ఉంది. మిషనరీలు మూలవాసుల చేత ఏ పెట్టెలో మోకరిల్లించారో అదే పెట్టె ఇప్పుడు ఒక ఓజిబ్వే ఆమె కొట్టులో కొనేవాళ్లు చూసి పోయే వస్తువుగా నిలబడి ఉంది. దాని పక్కన బోర్డు పెట్టి చెప్పాల్సిన పని లేదు.

ఆ కొట్టు పేరుతో జరిగే సభల్లో రచయితలు వచ్చి చదువుతారు, సంతకాలు పెడతారు, ప్రశ్నలకు జవాబులు చెబుతారు. ఇందులో కొత్త ఏమీ లేదు. ప్రతి కొట్టూ చేసేదే. తేడా ఒక్కచోట ఉంది. అక్కడ ఆదివాసీ రచయిత ఇంటావిడ. మిగతావాళ్లు అతిథులు. మన సభల్లో ఇది తలకిందులుగా ఉంటుంది.

ఒకే మాటకు రెండు అర్థాలు

ఎర్‌డ్రిక్ 2021లో 'ద సెంటెన్స్' అనే నవల రాసింది. ఇంగ్లీషులో ఆ మాటకు వాక్యం అనీ అర్థం ఉంది, కోర్టు వేసే శిక్ష అనీ అర్థం ఉంది. నవల మొత్తం ఈ రెండు అర్థాల మధ్య నడుస్తుంది. కథానాయిక టూకీ ఓజిబ్వే స్త్రీ. ఒక శవాన్ని రాష్ట్రం దాటించిన కేసులో అరవై ఏళ్ల శిక్ష పడుతుంది. చిన్నప్పుడు ఆమెకు చదువు చెప్పిన టీచర్ జైలుకు ఒక నిఘంటువు పంపుతుంది. ఆ నిఘంటువులో టూకీ మొదట వెతికేది ఈ మాటనే. అనుకున్నదానికంటే చాలా ముందే బయటికి వచ్చి, అదే టీచర్ పనిచేసే పుస్తకాల కొట్టులో ఉద్యోగానికి కుదురుతుంది. ఆ కొట్టు బర్చ్‌బార్క్‌ను పోలినదే. యజమాని పేరు లూయీస్. రచయిత్రి తనను తాను పక్కపాత్రగా పెట్టుకుని, కథను గల్లాపెట్టె దగ్గర నిలబడే ఉద్యోగి చేతికి అప్పజెప్పింది. ఇది మాకు బాగా నచ్చింది. సాహిత్యం గురించి రాసేటప్పుడు రచయిత గొప్పతనం చెప్పేవాళ్లు చాలామంది. పుస్తకాలు అట్టపెట్టెల్లోంచి తీసి, దుమ్ము తుడిచి, ధర చీటీ అంటించే మనిషి కంటితో సాహిత్యాన్ని చూపినవాళ్లు తక్కువ.

నవల 2019 నవంబరులో మొదలై సరిగ్గా ఏడాది నడుస్తుంది. అంటే కరోనా వస్తుంది, జార్జ్ ఫ్లాయిడ్ హత్య జరుగుతుంది, నగరం మండుతుంది. సభలు ఆగిపోతాయి. కొట్టు తలుపు మూసి, అడిగినవాళ్లకు పుస్తకాలు పొట్లాలు కట్టి పంపుతారు. ఈ భాగంలో నవల కొంత బరువెక్కిందని ఒప్పుకోవాలి. దయ్యం కథ, జైలు కథ, రోగం, తిరుగుబాటు అన్నీ ఒకే గంపలో వేసుకుని నడిచినట్టుంటుంది. అయినా గంప దించి పారిపోలేదు. చివర టూకీ ఇష్టపడిన పుస్తకాల జాబితాలు ఉంటాయి. నవల ముగిశాక కూడా కొట్టు తన పని చేస్తూనే ఉందన్నమాట.

నవలలో ఒక ఖాతాదారు ఉన్నాడు. నల్లజాతి పెద్దాయన. ఏ పుస్తకం ఇచ్చినా తృప్తి పడడు. కొట్టువాళ్లు ఆయనకు 'అసంతృప్తి' అని చాటుపేరు పెట్టారు. ఆయనను మెప్పించే పుస్తకం వెతకడం టూకీకి పట్టుదల. ఒక కొట్టుకు ఇంతకంటే మంచి స్నేహితుడు ఉండడు. పొగడ్తలతో వచ్చేవాడి వల్ల కొట్టు ఎదగదు. అరలన్నీ వెతికించేవాడి వల్ల ఎదుగుతుంది.

ఫ్లోరాను మనమూ ఎరుగుదుం

నవలలో దయ్యమై కొట్టును పట్టుకునేది ఫ్లోరా. బతికి ఉన్నప్పుడు ఆమె కొట్టుకు అందరికంటే నమ్మకమైన ఖాతాదారు. తెల్లామె. మూలవాసుల మీద వచ్చిన ప్రతి పుస్తకం కొంటుంది, ప్రతి సభకూ వస్తుంది. మూలవాసులకు సాయం చేస్తుంది. వాటితో తృప్తి పడక, తాను కూడా మూలవాసినేనని తన్ను తాను నమ్మించుకుంటుంది. చనిపోయాక కూడా రోజూ అదే వేళకు కొట్టుకు వచ్చి అరల మధ్య తిరుగుతుంది. ఆమెను తరిమితే పోదు. ఎందుకంటే ఆమె శత్రువు కాదు. ప్రేమించి, ప్రేమతోనే మన చోటు ఆక్రమించిన మనిషి.

ఈ పాత్ర ఒక్కదానికోసమైనా మన రచయితలందరూ ఈ నవల చదవాలి. ఫ్లోరాను మనం మన సభల్లో చూస్తూనే ఉన్నాం. మంచివాళ్లు. మన పుస్తకం కొంటారు, మన గూడెం మీద పాట కడతారు, మన కండువా వేసుకుని ఫోటో దిగుతారు. వాళ్ల వల్ల మనకు కొన్ని తలుపులు తెరుచుకున్నాయి. అది కాదనం. కానీ కాసేపటికి వేదిక మీద మన బాధ మనకంటే వాళ్లే బాగా చెబుతుంటారు. మనం కింద కూర్చుని చప్పట్లు కొడుతుంటాం.

ఒక ఆవిష్కరణ సభ వరుసను గుర్తు తెచ్చుకోండి. ముందు జ్యోతి ప్రజ్వలన. తర్వాత గిరిజన నృత్యం. తర్వాత అధ్యక్షుడు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, పుస్తక సమీక్షకుడు. ఒక్కొక్కరికి పది నిమిషాలని చెప్పి అరగంట మాట్లాడతారు. శాలువాలు కప్పుతారు. చివర్లో 'రచయిత స్పందన'. అప్పటికి టిఫిన్ ప్లేట్ల చప్పుడు మొదలవుతుంది. రచయితకు ఐదు నిమిషాలు. తన పుస్తకంలో ఒక్క పేజీ చదివే తీరిక ఉండదు. మాలో ఒకరికి ఒక నగర సభ నుంచి వచ్చిన పిలుపులో, కథల గురించి మాట్లాడే సంగతి కంటే ముందు, మీ వాళ్లు కొమ్ములు పెట్టుకుని ఆడతారు కదా, ఆ బృందాన్ని వెంట తీసుకురాగలరా అని అడిగారు. అడిగినవాళ్లలో చెడ్డ ఉద్దేశం లేదు. వాళ్ల ఊహలో ఆదివాసీ అంటే చూడదగ్గ మనిషి. వినదగ్గ మనిషి అన్న ఊహ ఇంకా రాలేదు.

ఐక్యరాజ్యసమితి 1994లో ఆగస్టు 9ని ప్రపంచ ఆదివాసీ దినంగా ప్రకటించింది. 1982లో ఆదివాసీ జనాల మీద వేసిన కార్యవర్గం మొదటిసారి కూర్చున్న రోజు అది. హక్కుల గురించి మాట్లాడుకోవడానికి కూర్చున్న రోజు. మన దగ్గర అది క్రమంగా ఆట, పాట, ఫ్లెక్సీల రోజుగా మారుతోంది. ఆటను మేము తక్కువ చేయడం లేదు. గుస్సాడీకి, కొమ్ము ఆటకు మనం తలవంచుతాం. అవి దేవర ముందు, మన ముందు ఆడేవి. సభ మొదలయ్యేలోపు కుర్చీలు నింపడానికి ఆడేవి కావు.

ఆ కొట్టుకూ ఒక హద్దు ఉంది

బర్చ్‌బార్క్‌ను నెత్తిన పెట్టుకుని ఊరేగించడం కూడా విమర్శ కాదు. ఆ కొట్టు కెన్‌వుడ్ అనే పేటలో, ఒక అందమైన సరస్సు దగ్గర ఉంది. అది డబ్బున్న తెల్లవాళ్ల పేట. నగరంలో మూలవాసులు ఎక్కువగా బతికే ఫ్రాంక్లిన్ అవెన్యూ వేరు. టర్టిల్ మౌంటెన్ తెగ నేల పక్క రాష్ట్రంలో, కెనడా సరిహద్దు దగ్గర ఉంది. అక్కడి ముసలమ్మ సాయంత్రం సభ విని రాత్రికి ఇల్లు చేరలేదు. కొట్టు నడవాలంటే కొనేవాళ్లున్న చోట ఉండాలి. కొనేవాళ్లున్న చోట ఫ్లోరాలుంటారు. ఎర్‌డ్రిక్‌కు ఈ చిక్కు తెలుసు. తెలుసు కనుకనే నవలలో కొట్టును పట్టుకున్న దయ్యాన్ని పాత మిషనరీగానో, సిపాయిగానో పెట్టలేదు. తన అత్యంత నమ్మకమైన ఖాతాదారుగా పెట్టింది. తన వ్యాపారం ఎవరి కొనుగోళ్ల మీద నిలబడిందో అంత నిజాయితీగా చెప్పుకున్న కొట్టు యజమానిని మేము మరో పుస్తకంలో చూడలేదు.

మరొక మాట కూడా చెప్పుకోవాలి. పులిట్జర్ వచ్చిన రచయిత్రి కొట్టు పెట్టగలదు. 500 కాపీలు వేసుకుని, వాటిని మంచం కింద పెట్టుకునే మన రచయిత ఏ కొట్టు పెడతాడు అని అడగవచ్చు. నిజమే. మనం ఆమె దగ్గర తెచ్చుకోవలసింది అద్దాల తలుపున్న కొట్టును కాదు. కూర్చునే వరుసను. ఎవరు పిలుస్తున్నారు, ఎవరు వస్తున్నారు, ఎవరి భాషలో ప్రశ్న వస్తోంది అన్న మూడింటిలో మన చేతిలోకి తెచ్చుకోగలిగింది ఎంతో కొంత ఉంది.

పడిగె విప్పినప్పుడు

నిజానికి రచయిత సభ అనేది మనకు నగరం నేర్పిన విద్య కాదు. కోయల్లో డోలీలున్నారు. గట్టు గట్టుకూ పడిగె ఉంటుంది. పడిగె అంటే గుడ్డ మీద బొమ్మలుగా తీర్చిన వంశ చరిత్ర. కొలుపు నాడు దాన్ని విప్పి, డోలి వాయిస్తూ, ఆ బొమ్మల కథ పాడతారు. సమ్మక్క సారలమ్మల కథ, పగిడిద్దరాజు కథ అలా తరాలు దాటి వచ్చినవే. మణుగూరు ప్రాంతం నుంచి వచ్చిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది ఈ విద్యకే. ఓజిబ్వేల బెరడు చుట్టకూ, మన పడిగెకూ మధ్య సముద్రాలున్నా రెండూ ఒకే పని చేశాయి. చదువు రాని జనం అని ఇతరులు అనుకున్నవాళ్లు తమ పుస్తకాన్ని తామే దాచుకున్నారు.

పడిగె విప్పిన చోట సభ వరుస ఎలా ఉంటుందో చూడండి. పిలిచేది ఆ గట్టువాళ్లు. పాడేవాడు ఎవరి ఇంటి కథ పాడుతున్నాడో వాళ్లే ఎదురుగా కూర్చుంటారు. ఒక పేరు తప్పు పలికితే ముసలివాళ్లు ఊరుకోరు, అక్కడే ఆపి సరిచేస్తారు. పాట అయ్యాక పాడినవాడికి ఇవ్వవలసింది ఇచ్చి పంపుతారు. ఇందులో రచయిత ఉన్నాడు, పాఠకుడు ఉన్నాడు, విమర్శకుడు ఉన్నాడు, పారితోషికం ఉంది. లేనిది ఆత్మీయ అతిథి ఒక్కడే.

దీన్ని కొలబద్దగా పెట్టుకుంటే మన ఇప్పటి సభల లోటు తేలిగ్గా కనబడుతుంది. మన కథలోని మనుషులు సభలో లేరు. కథలో తప్పు రాస్తే అడిగేవాళ్లు లేరు. నగర శ్రోత మన కథను తప్పు పట్టలేడు. అతనికి గూడెం తెలియదు. తెలియని మనిషి మెచ్చుకోవడం తప్ప ఏమీ చేయలేడు. ఆ మెప్పు మీద పెరిగిన సాహిత్యం కొన్నాళ్లకు మెత్తబడుతుంది. ఇప్పపువ్వు, విల్లు, వెన్నెల, డప్పు అని నాలుగు మాటలు వేస్తే చాలు, చప్పట్లు వస్తాయి. పట్టా భూముల గొడవ, తునికాకు కట్టల లెక్కలో మోసం, మనలో మనకే ఉన్న చిన్నచూపులు, సారా, చదువుకున్న కొడుకు తల్లి భాష మాట్లాడటానికి సిగ్గుపడటం వంటివి రాయడానికి చెయ్యి వెనకాడుతుంది. ఎందుకంటే వాటికి చప్పట్లు రావు. మన సభ మన చేతిలో ఉంటే ఆ చప్పట్ల అవసరం తగ్గుతుంది. మన సాహిత్యానికి ఇప్పుడు కావలసింది అదే.

ప్రశ్న ఏ భాషలో వస్తుంది?

ఎర్‌డ్రిక్ 1999లో 'ద బర్చ్‌బార్క్ హౌస్' అనే పిల్లల పుస్తకం రాసింది. 1847 నాటి ఒక దీవిలో ఓమకయాస్ అనే ఏడేళ్ల ఓజిబ్వే పిల్ల ఏడాది జీవితం అది. మశూచి ఊరిని తినేసిన ఏడాది. అమెరికా బడుల్లో తరాలుగా చదివించిన పిల్లల పుస్తకాల్లో తెల్ల కుటుంబం బండి కట్టుకుని వస్తుంది, ఇండియన్లు దూరంగా నీడల్లా కనబడి మాయమవుతారు. ఇక్కడ ఆ నీడలు ఇంట్లో కూర్చుని మాట్లాడతాయి, వంట చేస్తాయి, తమ్ముడితో గొడవ పడతాయి. ఇంగ్లీషు పుస్తకంలోనే ఓజిబ్వే మాటలు వస్తాయి. చివర వాటి అర్థాలిచ్చారు. బొమ్మలు రచయిత్రే వేసుకుంది.

లూయీస్, ఆమె చెల్లెలు హైడ్ ఇంకో అడుగు వేశారు. 'విగ్వాస్ ప్రెస్' పేరుతో ఓజిబ్వే భాషలో పుస్తకాలు వేశారు. 2010లో వచ్చిన 'అవెసీన్యెన్‌సగ్' అనే జంతువుల కథల పుస్తకంలో ఇంగ్లీషు అనువాదం లేదు. భాష తెలిసిన పెద్దలు, భాష నేర్పే పంతుళ్లు కూడి బడి పిల్లల కోసం తయారు చేసిన పుస్తకం అది. లూయీస్‌కు ఆ భాష ఉగ్గుపాలతో రాలేదు. పెద్దయ్యాక కూర్చుని నేర్చుకుంది. ఇంగ్లీషులో ఇంత పేరున్న మనిషి, కొనేవాళ్లు కొద్దిమందే ఉండే భాషలో పుస్తకం వేసింది. వ్యాపారం లెక్కన ఇది నష్టమే. కానీ ఆ పుస్తకం అర మీద ఉన్నంతకాలం కొట్టుకు వచ్చిన ఓజిబ్వే పిల్లకు ఒక సంగతి తెలుస్తుంది: నా భాషకూ అట్ట ఉంటుంది, ధర ఉంటుంది.

మన చరిత్రలోనూ ఇలాంటి ప్రయత్నాలున్నాయి. 1940ల్లో మార్లవాయిలో హైమెండార్ఫ్ కాలంలో గోండు యువకులకు పంతులు శిక్షణ ఇచ్చి, దేవనాగరి లిపిలో గోండి వాచకాలు వేశారు. ఆదిలాబాద్ ప్రాంతంలోని గుంజాలలో బయటపడిన రాతప్రతుల లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కోలామి, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా అనే 8 భాషల్లో తెలుగు లిపితో వాచకాలు తెచ్చారు. మాలో కొందరు ఆ పుస్తకాలతో పాఠం చెప్పాం. పిల్లలు మొదటి రోజే నోరు విప్పడం కళ్లారా చూశాం. తర్వాత ఆ పుస్తకాలు కొన్నిచోట్ల బీరువాల్లోకి వెళ్లాయి, బీరువాలకు తాళాలు పడ్డాయి.

2000లో వచ్చిన జీవో నెంబరు 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే అని చెప్పింది. సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న దాన్ని కొట్టివేసింది. దీన్ని ఉద్యోగాల తగాదాగానే చూస్తున్నవాళ్లున్నారు. పుస్తకాల వైపు నుంచి కూడా చూడాలి. పిల్ల భాష తెలిసిన టీచర్ బడిలో లేకపోతే, ఆ భాషలో రాసిన పుస్తకాన్ని ఆ పిల్ల చేతికి ఇచ్చేదెవరు? చదివేవాళ్లు తయారు కాని భాషలో రచయిత ఎన్ని సంపుటాలు వేస్తే ఏం లాభం? టూకీకి జైల్లో నిఘంటువు పంపింది ఎవరో పెద్ద రచయిత కాదు. చిన్ననాటి టీచర్. ఆ ఒక్క వివరం దగ్గర మేము పుస్తకం మూసి కాసేపు ఆగాం.

సంత రోజు

ఇప్పుడు మా ప్రతిపాదన. మనకు కొట్టు లేదు. సంత ఉంది. వారానికి ఒక రోజు చుట్టుపక్కల గూడేలన్నీ నడిచి వచ్చే చోటు అది. ఉప్పు, ఎండుచేపలు, గిద్దెలు, తట్టలు, చీరలు అమ్మే వరుసలో ఒక టార్పాలిన్ పట్టా పరిచి పుస్తకాలు పెట్టవచ్చు. అద్దె పెద్దగా ఉండదు. ఖాతాదారుణ్ణి కొట్టుకు రప్పించే శ్రమ అసలే లేదు. నగరంలోని స్వతంత్ర కొట్లన్నీ కష్టపడి తయారు చేసుకునే గుంపు మనకు ప్రతి వారం తయారుగా ఉంది.

రాబోయే నెలల్లో మా బృందం ఈ పద్ధతిలో కొన్ని సభలు చేయాలనుకుంటోంది. వాటికి మేము పెట్టుకున్న నియమాలు ఇవి. సభ మధ్యాహ్నం రెండు గంటలకల్లా ముగుస్తుంది. చీకటి పడకముందు అందరూ గూడెం చేరాలి. వేదిక ఉండదు, చాపలుంటాయి. మొదట మాట్లాడేది ఊరి పెద్దగానీ, ముసలమ్మగానీ. వాళ్ల భాషలోనే మాట్లాడతారు. తెలుగు కావలసినవాళ్లకు పక్కన కూర్చున్న పిల్లలు చెబుతారు. తర్వాత రచయిత ఇరవై నిమిషాలు తన పుస్తకం చదవాలి. పుస్తకం గురించి ప్రసంగించకూడదు, పుస్తకమే చదవాలి. తర్వాత వినేవాళ్ల వంతు. ఇది మా ఊళ్లో ఇలా జరగలేదు అని ఎవరైనా అంటే రచయిత ఓపిగ్గా వినాలి, అవసరమైతే రెండో ముద్రణలో మార్చాలి. ఏదో ఒక బడి నుంచి ఒక పిల్ల ఒక పేజీ బయటికి చదవాలి. శాలువా ఉండదు. రచయిత దారి ఖర్చు, భోజనం మేము పెట్టుకుంటాం. నగరం నుంచి వచ్చే మిత్రులకు స్వాగతం. వాళ్లు చాప మీద కూర్చుని వింటారు, నచ్చితే పుస్తకం కొంటారు.

పుస్తకం ధర సంగతి కూడా తేల్చుకోవాలి. రెండు వందల రూపాయల పుస్తకం సంతలో అమ్ముడుపోదు. అందుకే ఒక్కో కథను పదహారు పేజీల చిన్న పుస్తకంగా, పెద్ద అక్షరాలతో, పది పదిహేను రూపాయలకు వేయాలి. ఒక వైపు కోయ, ఎదురు పేజీలో తెలుగు. డబ్బు లేనివాళ్లు చదివి మళ్లీ సంతకు తిరిగి ఇవ్వవచ్చు. ఎవరు తీసుకున్నారో ఒక నోటుపుస్తకంలో రాస్తాం. ఏ కథ ఎక్కువ తిరిగిందో, ఏది దుమ్ము పట్టిందో ఆ నోటుపుస్తకమే చెబుతుంది. మన సాహిత్యానికి అంతకంటే నిజమైన సమీక్ష దొరకదు.

ఇలా చేస్తే నగర సభలు మానుకోవాలా? అక్కర్లేదు. అక్కడికీ వెళ్దాం. మన మాట వినవలసినవాళ్లు అక్కడా ఉన్నారు, మన పుస్తకాలు దాచే గ్రంథాలయాలు అక్కడ ఉన్నాయి, హక్కుల గురించి తీర్పులిచ్చేవాళ్లూ అక్కడే ఉన్నారు. కానీ సొంత ఇల్లు ఉన్నవాడు చుట్టపు చూపుగా వెళ్లడం వేరు, ఇల్లే లేనివాడు వెళ్లడం వేరు. మొదటివాడు భోజనం చేసి, నాలుగు మాటలు చెప్పి, చెప్పులేసుకుని వచ్చేస్తాడు. రెండోవాడు ఏ పాట పాడమంటే ఆ పాట పాడతాడు.

సంతలో మొదటి వారం పదిమంది కూర్చున్నా చాలు. ఆ పదిమందిలో ఒక్కరు 'అసంతృప్తి' దొరికితే ఇంకా మంచిది. కథ విని, పెదవి విరిచి, మీరు రాసింది సగమే, మిగతా సగం నేను చెబుతాను కూర్చోండి అనే పెద్దాయనో, పెద్దమ్మో. అలాంటివాళ్లు ప్రతి గూడెంలో ఉన్నారు. ఇన్నాళ్లూ వాళ్లను ఎవరూ సభకు పిలవలేదు.